తుపాకీ గోరుముద్దలు

అమలకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన రెండేళ్ళ కూతురు మున్నీ ఏదో ఒకరోజు తుపాకీ మూతి ముందుకు పోయి నిలబడుతుందని. పాములకు ఆమె అంతగా భయపడదు. ఉప్పుగూడ స్టేషన్ పట్టాలకు కొంచెం భయపడుతుంది. కుక్కలకు, కరెంటు తీగలకు, నీళ్ళ డ్రమ్ముకు, పిల్ల మింగబోయే రూపాయి బిళ్ళకు పగలంతా వంతులవారీగా భయపడుతుంది. తుపాకీ భయానికి మాత్రం వంతు లేదు, అది ఎప్పుడూ ఉంటుంది. ఎందుకంటే తుపాకీ వాళ్ళ ఇంట్లోనే, ఇనప బీరువాలో, ఆమె పెళ్ళిచీరల పక్కన నిలబడి ఉంటుంది.

ఆమె భర్త జగదీశ్వర్ చార్మినార్ దగ్గర ఒక ముత్యాల దుకాణానికి గన్‌మన్. తుపాకీ అతనిదే, లైసెన్సూ అతని పేరు మీదే. పొద్దున భుజాన వేసుకుని స్కూటర్ మీద పోతాడు. సాయంత్రం వచ్చి తూటాలు ఒకచోట, తుపాకీ వెనక గడియలాంటి బోల్టు ఒకచోట, మిగిలిన తుపాకీ ఒకచోట పెట్టి మూడు తాళాలు వేస్తాడు. మూడు తాళంచెవులూ అమల పుస్తెలతాడుకు ఉంటాయి. ఆమె మెడ వంచితే తప్ప ఆ ఇంటి నుంచి ఎవరూ డ్యూటీకి పోలేరు.

కథకు కారణం పోయిన ఏడాది జరిగిన పరీక్ష. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు ఏడాదికొకసారి గన్‌మన్లందరినీ ఊరిబయట మైదానానికి తీసుకుపోయి బోర్డుల మీద కాల్పిస్తారు. జగదీశ్వర్ కాల్చిన అయిదు గుండ్లూ పక్కవాడి బోర్డులో తగిలాయి. పక్కవాడు కాల్చినవీ అందులోనే తగిలాయి. అయిదు కాల్చి పది తగిలించిన ఘనుడని ఆ పక్కవాడికి శాలువా కప్పారు. జగదీశ్వర్‌ను మాత్రం, ఈసారి కూడా ఇట్లాగే అయితే తుపాకీ డ్యూటీ తీసేసి ఏదో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కర్ర ఇచ్చి నిలబెడతామన్నారు. అతను మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కర్ర ఎంత బంగారంలాంటి వస్తువో అని అమల అనుకుంది గాని, పైకి అనలేదు.

పరీక్ష మళ్ళీ దగ్గరపడినప్పుడు ఏజెన్సీ సూపర్‌వైజర్ సోమశేఖర్ ఒక సాయంత్రం ఇంటికి వచ్చాడు. జేబులోంచి చిన్న డబ్బా తీసి, అందులో ఉన్న కలమంత ఇత్తడి పుల్లను తువ్వాలు మీద పెట్టాడు. జగదీశ్వర్ తల్లి మాణిక్యమ్మ వంగి చూసింది.

"ఇదేంది సారూ, లిప్‌స్టిక్ లెక్కున్నది?"

"లేజర్ అమ్మా. తుపాకి మూతిల పెడ్తే, గొట్టం ఎటు చూస్తున్నదో ఆడ ఎర్ర చుక్క పడ్తది. తూటా ఖర్సు లేదు, సప్పుడు లేదు."

"గొట్టం ఎటు చూస్తున్నదో కంటికి కనవడదా?"

"మీ కొడుకు ఇన్నేండ్ల సంది కంటితోనే చూస్తున్నడు గదమ్మా. పోయినేడు ఏమాయె?"

మాణిక్యమ్మ చాయ్ పెట్టడానికి లేచింది.

డబ్బా మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన అమల అక్షరాలు కూడబలుక్కోవడం పక్కనపెట్టి, బొమ్మ చూసింది. కన్ను బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. అంతే చాలు ఆమెకు.

"అన్నా, ఇది కండ్లు పోగొడ్తదా?"

"కండ్లల్లకు కొట్టొద్దు చెల్లే. గోడ మీద చూసుకోవాలె. ఇంకోటి, పుల్ల మూతిల ఉండంగ తూటా పేల్చిన్రంటే గొట్టం పగిలి మూతి పోతది. తూటాలు దగ్గర్ల గూడ ఉండొద్దు."

ఆ మాటతో అమల తూటాల డబ్బాను బీరువాలోంచి తీసి బియ్యం డ్రమ్ము అడుగున పెట్టి, డ్రమ్ముకూ తాళం వేసింది. నాలుగో తాళంచెవి పుస్తెలతాడుకు చేరింది.

పని చూడటానికి తేలికే. తుపాకీని కదలకుండా సంచుల మీద పడుకోబెట్టాలి. దూరాన ఒక గుర్తు మీద ఎర్ర చుక్క పడేలా జరపాలి. ఆ తర్వాత కాల్చేవాడు చూసే దారిన, అంటే వెనక గాడిలోంచి గొట్టం చివర ఉన్న గింజ మీదుగా చూడాలి. ఆ గింజను వాళ్ళు మక్ఖీ అంటారు. చుక్కా మక్ఖీ ఒకే చోట కలిస్తే తుపాకీ మంచిది. కలవకపోతే మక్ఖీని చిన్న సుత్తితో పక్కకు కొట్టి కలపాలి. మిగిలిన కొసరు మైదానంలో నిజం గుండ్లతో సరిచూసుకోవాలి.

చిక్కల్లా దూరంతోనే. ఇరవై అయిదు గజాలు కావాలన్నాడు సోమశేఖర్. జగదీశ్వర్ ఇల్లు వంటింటి గోడ నుంచి వీధి గుమ్మం దాకా తొమ్మిది గజాలు. అయితే ఆ గల్లీలో ఇళ్ళన్నీ వాస్తు ప్రకారం ముందు తలుపు, వెనక తలుపు ఒకే వరసలో పెట్టి కట్టినవి. ఎదురింట్లో పాల వ్యాపారం చేసే ఆగయ్య తన రెండు తలుపులూ తెరిస్తే, జగదీశ్వర్ వంటింట్లోంచి చూపు గల్లీ దాటి, ఆగయ్య నడవ దాటి, వెనకనున్న బర్రెల కొట్టం గోడకు తగులుతుంది. జగదీశ్వర్ పోయి అడిగాడు.

"కాకా, జర మీ ఇంట్లకెల్లి తుపాకి చూపు పోనియ్యాలె."

"పోతే పోనీ బిడ్డా. నా ఇంట్లకెల్లి ఊర్లున్న పిల్లులన్ని పోతయ్. గని బర్రెలు బెదిరి పాలు ఎగ్గొడితే నీ మీద లొల్లి చేస్త."

గోడకు అంటించిన కాగితం బోర్డును బర్రె మొదటి సాయంత్రమే తినేసింది. రెండోది కూడా తిన్నది. అప్పుడు ఆగయ్య భార్య శారదమ్మ, గోడ మీద ఎండుతున్న పిడకల్లో గుండ్రంగా వచ్చిన ఒకదాన్ని ఎంచి, నడుమ సున్నంతో బొట్టు పెట్టింది. పిడకను బర్రె తినదు. ఆ విధంగా ముత్యాల దుకాణాన్ని కాపాడే తుపాకీ పిడక మీద కుదురుకోవడం మొదలుపెట్టింది.

కుదురుకోవడమంటే ఒక పూటలో అయ్యేది కాదని అప్పుడే తెలిసింది. వెలుతురులో చుక్క కనబడదు, దీపాల వేళ దాకా ఆగాలి. చుక్క పిడక మీద పడితే మక్ఖీ దానికి కుడివైపు బర్రె తోకను చూస్తోంది.

"గుండు ఎడమకు పోతున్నది. అంటే మక్ఖీని గూడ ఎడమకే కొట్టాలె," అన్నాడు జగదీశ్వర్.

"ఓరి తెలివిగల్లోడా! ఎడమకు పోతుంటే ఇంకా ఎడమకు నూకుతవా? కుడికి కొట్టు," అన్నాడు ఆగయ్య కొట్టంలోంచి.

"కాకా, సోమశేఖరన్న చెప్పిండు, ఎటు తప్పితే అటే కొట్టాలెనని."

"నలబై ఏండ్లు బర్రెల తోలిన. ఎడమకు పోయేదాన్ని ఎవడన్న ఎడమకు కొడ్తడా?"

ఆగయ్య మాట కాదనలేక ఒకరోజు కుడికి కొట్టాడు. చుక్కకూ మక్ఖీకీ నడుమ ఇంకో బర్రె పట్టేంత సందు వచ్చింది. మర్నాడు ఎడమకు కొట్టాడు. ఎక్కువైంది. ఆ మర్నాడు మళ్ళీ కొంచెం కుడికి. ఇట్లా పరీక్ష కోసం తెచ్చిన పుల్ల ఇంటి సామానైపోయింది.

ఇక్కడ మున్నీ తిండి సంగతి చెప్పాలి. ఆ పిల్ల తినదు. నోట్లో ముద్ద పెడితే బుగ్గలో దాచుకుని గంటకు ఊస్తుంది. ఎవరి పిల్లయినా చందమామను చూపిస్తే తింటుందంటారు గాని, ఆ గల్లీలో తలెత్తితే కనబడేవి నీళ్ళ ట్యాంకులు, కేబుల్ తీగలు, ఎవరివో ఆరేసిన దుప్పట్లు. అవన్నీ దాటి చందమామ వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది. అంగన్‌వాడీలో తూచినప్పుడల్లా టీచర్ ముఖం చూసి అమలకు గుండె జారేది.

ఒక సాయంత్రం జగదీశ్వర్ తుపాకీని సంచుల మీద సర్దుతుంటే చుక్క జారి వంటింటి పక్క గోడ మీద పడింది. మున్నీ చూసింది. నోరు ఇంతేసి తెరిచింది. చేతిలో పప్పన్నం గిన్నె పట్టుకుని వేసారిపోయి ఉన్న అమల, ఆలోచించకుండా ముద్ద పెట్టేసింది. పిల్ల మింగింది! మింగి, గోడ వైపు చెయ్యి చూపి "మామ" అన్నది.

"అగో, ఎర్ర చందమామ అనుకుంటున్నది పోరి," అన్నది మాణిక్యమ్మ. "ఇంకోపారి చూపియ్యురా."

జగదీశ్వర్ చుక్కను గోడ మీద మెల్లగా నడిపించాడు. గిన్నె ఖాళీ అయింది.

ఆ రాత్రి అమల ఏడ్చింది, సంతోషంతో. మరునాటి నుంచి అదే పద్ధతి. ముందు అమల తన చేత్తో తూటాల డ్రమ్ము తాళం లాగి చూసేది. బోల్టు తీసేసిన గొట్టంలో వెనకనుంచి చిటికెన వేలు పెట్టి ఖాళీయేనని చూసేది. పిల్లను తుపాకీ వెనక కూర్చోబెట్టి, కండ్లకు ఎదురు రాకుండా పీట అడ్డం పెట్టేది. అప్పుడు భర్త తుపాకీ గురిపెట్టేవాడు, భార్య ముద్ద కలిపేది. తుపాకీ బయటికి రాగానే మున్నీ ఎక్కడున్నా పరుగెత్తుకు వచ్చి కూర్చుని నోరు తెరిచేది. అంగన్‌వాడీ టీచర్ ఏం పెడుతున్నావమ్మా అని అడిగింది. అమల పప్పు అని చెప్పింది.

ఇట్లాంటిది గల్లీలో దాగదు. శారదమ్మ మనవడు తినడం లేదని ఎత్తుకొచ్చింది. వాళ్ళ పై వాటాలో కిరాయికున్న ఏసీ మెకానిక్ శ్రవణ్ భార్య, మూడేళ్ళ ప్రీతిని తీసుకొచ్చింది. ఆ తర్వాత గల్లీ చివరి నుంచి కూడా వచ్చారు. దీపాలు పెట్టే వేళకు జగదీశ్వర్ వంటింట్లో గిన్నెల వరస, పిల్లల వరస, నడుమ బియ్యం సంచుల మీద పడుకున్న తుపాకీ. అందరిలోకీ నోరు పెద్దగా తెరిచేది ప్రీతి. గొంతులో కొండనాలుక దాకా కనబడేది.

"జగదీశన్నా, కొద్దిగ మెల్లగ తిప్పు, మా వాడు ఇంకా నములుతున్నడు."

"అన్నా, రేపు జల్ది రా. నిన్న నువ్వు ఆలస్యం చేస్తే మా పిల్ల పస్తే పన్నది."

పక్కవాడి బోర్డుకు కాల్చి అవమానం తిన్న మనిషి, ఇప్పుడు గల్లీలో ఇంతమంది కడుపులు నింపుతున్నానని మీసం దువ్వుకున్నాడు. తుపాకీ ఖాళీగా ఉన్నదో లేదో అమల రోజూ చూసింది. పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో ఒక్కరోజూ చూడలేదు.

ఆ నడుమనే శ్రవణ్ వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి సంతోష్‌నగర్ పోయారు. పోయేటప్పుడు ప్రీతి వాళ్ళమ్మ మురిసిపోతూ చెప్పింది. "మంచి ఇల్లు అక్కా. కిందనే ఏటీఎం. పైసలకు దూరం పోయే పనే లేదు."

వాళ్ళు పోయిన వారానికి అమల గాజులు కొనడానికి చార్మినార్ వెళ్ళింది. చంకలో మున్నీ, చేతిలో జగదీశ్వర్ మర్చిపోయిన సద్ది డబ్బా. దుకాణం ముందు జగదీశ్వర్ స్టూలు మీద ఉన్నాడు. తుపాకీ మూతి ఆకాశం వైపే ఉంది, అది అతని నియమం. డబ్బా అందుకోవడానికి వంగాడు. భుజం మీది తుపాకీ పట్టీ జారింది, గొట్టం వాలింది.

మున్నీ చంకలోంచి సబ్బులా జారి దిగింది. పరుగెత్తి తుపాకీ ఎదురుగా బండల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఎర్ర చుక్క వచ్చేది అందులోంచే అని, రెండు చేతులతో మూతిని పట్టుకుని తన వైపు దించుకుని, నోరు తెరిచింది.

గాజుల దుకాణం ముందు బేరమాడుతున్న ఆడవాళ్ళు తిరిగి చూశారు. "హాయ్ అల్లా, బచ్చీకు భూక్ లగీ!" అని, పాపకు ఆకలైందన్నట్టు ఒకామె నవ్వింది. ఎవరో ఫోన్ తీశారు. లోపల్నుంచి సేఠ్ బయటికొచ్చాడు.

"క్యా హై జగదీశ్? నీ బిడ్డ బందూక్ తింటదా ఏంది?"

జగదీశ్వర్ కదలలేదు. అతని వేలు ట్రిగ్గర్ మీద లేదు, అయినా కదిలితే ఏమవుతుందోనని కదలలేదు. లోపల తూటా ఉంది. దుకాణం దగ్గర ఉంటుంది, ఉండాలి. అమల ఎట్లా చేరిందో ఆమెకే తెలియదు, పిల్లను నడుము పట్టి వెనక్కి లాగేసింది. మున్నీ గొట్టం వదలనని గింజుకుని, ముద్ద పెట్టలేదని గుక్కపట్టి ఏడ్చింది. అమల గాజులు కొనలేదు.

సాయంత్రం జగదీశ్వర్ ఇంటికొచ్చాక ముందు మాట్లాడింది అమలే.

"అది గొట్టం జూసి నోరు తెరుస్తున్నది. మనమే నేర్పినం."

"మన ఇంట్ల ఖాళీదే గదనే."

"ఏది ఖాళీదో ఏది కాదో దానికెవరు చెప్తరు? నువ్వు చెప్తవా?"

అమల అప్పటికప్పుడే గల్లీలోని తల్లులందరినీ పిలిచి సంగతి చెప్పింది. ముందు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వడం ఆపారు. శారదమ్మ మనవడు మొన్న బ్యాంకులో గన్‌మన్ కాళ్ళ దగ్గర కూర్చుని లేవనన్నాడట. చలువ బండ చల్లగా ఉందని కూర్చున్నాడనుకుందట ఆమె.

నేర్పినదాన్ని మరిపించడానికి మొదట మాణిక్యమ్మ ఉపాయం చేసింది. తుపాకీ చూపిస్తూ కాకరకాయ పెడితే అసహ్యం పుడుతుందని. పిల్లలు కాకరకాయ మొత్తం తినేసి ఇంకా కావాలన్నారు.

"నా ఇంట్ల మనిషి లగ్గమైన కాన్నుంచి కాకరకాయ ముట్టలే," అన్నది శారదమ్మ. "ఆయనకు గూడ జర తుపాకి చూపియ్యుండ్రి."

తర్వాత ఆగయ్య నల్లని గొంగడి కప్పుకుని తుపాకీ వెనకనుంచి బొబ్బరించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. బర్రెలు బెదిరాయి. ఆ పూట పాలు తగ్గినందుకు ఆగయ్య ఎవరి మీద లొల్లి చెయ్యాలో తెలియక ఊరుకున్నాడు.

ఉపాయం చివరికి అమలకే తట్టింది. శారదమ్మ పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో నిప్పు రాజేస్తుంటే చూస్తూ నిలబడిపోయింది. పిల్లలకు కావలసింది చుక్క. చుక్క ఉన్నది పుల్లలో. ఆమె తుపాకీ మూతిలోంచి పుల్లను లాగి, పాత చీర పేలిక చుట్టి, ఊదుగొట్టంలో దూర్చింది. గోడ మీద ఎర్ర చందమామ లేచాడు. పిల్లలు ఊదుగొట్టం వైపు తిరిగి నోళ్ళు తెరిచారు.

అప్పటినుంచి రోజూ అన్నం ఊదుగొట్టంతోనే. తింటున్నంతసేపూ జగదీశ్వర్ తుపాకీ భుజాన వేసుకుని పిల్లల నడుమ అటూ ఇటూ నడిచేవాడు, తూటా లేకుండా, చుక్క లేకుండా, మూతి పైకెత్తి. మొదట్లో రెండు మూడు నోళ్ళు అతని వెంట తిరిగాయి. తర్వాత ఒకటి. తర్వాత ఏదీ తిరగలేదు. సోమశేఖర్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "చెల్లే, అది ఏజెన్సీ సామాను. పొయ్యిల పెట్టే గొట్టంల పెడ్తరా?"

"జర ఉండనీ అన్నా. ఇంకా శారదమ్మత్త మనవడు రెండు ముద్దలు బాకీ."

పరీక్ష నాటికి చుక్కా మక్ఖీ పిడక మీద కలిశాయి, జగదీశ్వర్ తన అయిదు గుండ్లూ తన బోర్డులోనే కొట్టాడు. లెక్కపెడితే ఆరు తూట్లున్నాయి. ఆరోది ఎవరిదో ఇంకా తేలలేదు. శాలువా కప్పారు. అమలకు అది పట్టలేదు. ఆమె చూసుకోవలసిన పరీక్ష వేరే ఉంది. మున్నీ చెయ్యి గట్టిగా పట్టుకుని దుకాణం ముందు దూరంగా నిలబడింది. మున్నీ నాన్నను చూసింది, భుజాన ఉన్న తుపాకీని చూసింది, ఆవలించి, గాజుల వైపు చెయ్యి చాపింది. ఆ రోజు అమల గాజులు కొన్నది, చేతికి పట్టనివి కూడా.

ఇంక సంతోషంగా ఉండవచ్చు. కాని ప్రీతి మిగిలిపోయింది. చార్మినార్ దగ్గర ఏం జరిగిందో తెలియకముందే వాళ్ళు పోయారు. ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంటోంది. శ్రవణ్ పనిచేసిన దుకాణంలో అడిగితే మానేశాడన్నారు. అమల మున్నీని చంకన వేసుకుని రెండుసార్లు సంతోష్‌నగర్ తిరిగింది. ఏటీఎంలు చాలా ఉన్నాయి. వాటి పైన ఇళ్ళూ చాలా ఉన్నాయి. ఒకచోట ఆమె చూస్తుండగానే పైసలు నింపే వ్యాన్ వచ్చి ఆగింది. ఇద్దరు గన్‌మన్లు దిగి, తుపాకులు నడుము ఎత్తులో పట్టుకుని, గేటుకు అటొకడు ఇటొకడు నిలబడ్డారు. నడుము ఎత్తు అంటే సరిగ్గా మూడేళ్ళ పిల్ల నోటి ఎత్తేనని అమలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వాండ్లు ట్రైనింగ్ అయినోళ్ళు. ఫికర్ చెయ్యకు," అన్నాడు జగదీశ్వర్.

"నువ్వు గూడ ట్రైనింగ్ అయినోడివే గద."

మీరు సంతోష్‌నగర్‌లో ఉంటే, లేదా ఆ వైపు పని మీద పోతే, కింద ఏటీఎం, పై వాటాలో కొత్తగా దిగిన కిరాయిదారులు ఉన్న ఇల్లు కనబడితే కాస్త ఆగండి. పాప పేరు ప్రీతి, మూడేళ్ళు, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంటుంది. ఎవరు తినిపించినా తింటుంది, మంచి పిల్ల. వ్యాన్ ఆగి ఉంటే ముందు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించండి, మాటలు తర్వాత. వాళ్ళమ్మ కనబడితే అమల చెప్పిందని చెప్పండి, పిల్లకు ఎర్ర చుక్కను ఊదుగొట్టంలోంచి చూపించమని. ఎవరూ కనబడకపోతే తలుపు కొట్టి, పాప లోపలే ఉన్నదా అని ఒక్కసారి చూసి రండి.